గడ్డలోకి రక్తం వెళ్తోందా? కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

థైరాయిడ్ గడ్డకో, మెడలో కట్టిన బిళ్లకో కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్, అంటే నరంలోకి సూక్ష్మ బుడగల మందు ఎక్కించి చేసే స్కానింగ్ చేయించుకున్నవాళ్ల రిపోర్టుల్లో ఒక్కోసారి "హైపో ఎన్‌హాన్స్‌మెంట్" అనో, "సెంట్రల్ నాన్ ఎన్‌హాన్సింగ్ ఏరియా" అనో రాసి ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే ఆ మాటల్ని ఫోన్లో వెతుకుతాం. ఒకచోట క్యాన్సర్ అని ఉంటుంది, ఇంకోచోట భయం లేదని ఉంటుంది. ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది.

నిజానికి ఆ రెండు జవాబులూ పూర్తిగా తప్పు కావు. ఆ మాటలు గడ్డ మంచిదో చెడ్డదో చెప్పడానికి రాసినవి కావు. గడ్డలోకి రక్తం ఎటు నుంచి వస్తోంది, ఎంత వస్తోంది, ఎక్కడికి రావడం లేదు అన్నదే అవి చెబుతాయి. "రక్తం వెళ్తోందా" అన్నది ఒక ప్రశ్న. "ఇది క్యాన్సరా" అన్నది వేరే ప్రశ్న. ఈ పరీక్ష చుట్టూ ఉన్న గందరగోళం చాలావరకు ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల వచ్చిందే.

## మామూలు స్కానింగ్‌కు అందని రక్తం

చర్మం నుంచి కొద్ది సెంటీమీటర్ల లోతులోనే ఉండే అవయవాలు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్, రొమ్ము, చెవి కింద ఉండే లాలాజల గ్రంథి, మెడ, చంక, గజ్జల్లోని లింఫ్ గ్రంథులు, వృషణాలు అలాంటివి. కండల్లో, చర్మం కింద వచ్చే గడ్డలూ ఇందులోకే వస్తాయి. లోతు తక్కువ కాబట్టి వీటిని ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ప్రోబ్‌తో, అంటే సుమారు 7 నుంచి 15 మెగాహెర్ట్జ్‌తో చూస్తారు. బొమ్మ చాలా వివరంగా వస్తుంది. గడ్డ అంచు నున్నగా ఉందా, గరుకుగా ఉందా, లోపల నీరుందా, సున్నపు చుక్కలున్నాయా అన్నవి తెలుస్తాయి.

రక్తం సంగతి తెలుసుకోవడానికి డాప్లర్ ఉంది. కదిలే రక్తకణాల మీద పడి తిరిగొచ్చే శబ్దంలోని తేడాను పట్టి, ప్రవాహాన్ని ఎరుపు, నీలం రంగుల్లో చూపిస్తుంది. పెద్ద నాళాలకు ఇది చాలు. కానీ కణజాలానికి అసలు తిండి అందేది కేశనాళికల ద్వారా. వాటి వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. పైగా వాటిలో రక్తం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా కదలదు. పక్కన మెడ నాడి కొట్టుకున్నా, మనిషి గుటక వేసినా ఆ కదలికే దీనికంటే ఎక్కువ. అందుకే డాప్లర్‌లో రంగు కనిపించలేదంటే రక్తం లేదని కాదు. డాప్లర్‌కు అందేంత పెద్ద ప్రవాహం లేదని మాత్రమే.

## నీటి చుక్కంత కూడా లేని వాయువు

ఈ లోటు తీర్చడానికే సూక్ష్మ బుడగలు వచ్చాయి. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు డాక్టర్లు గుండెను అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లోపలికి ద్రవం ఎక్కించినప్పుడు, తెర మీద మబ్బులా ప్రతిధ్వనులు కమ్ముకోవడం గమనించి ప్రచురించారు. ద్రవంతో పాటు వెళ్లిన చిన్న చిన్న గాలి బుడగలే ఆ మబ్బుకు కారణం. అల్ట్రాసౌండ్‌కు వాయువును మించిన మెరుపు లేదు.

ఇప్పుడు వాడేవి ఉత్త గాలి బుడగలు కావు. ఎక్కువగా వాడే సోనోవ్యూ అనే మందులో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు ఉంటుంది. చుట్టూ పలచని కొవ్వు పొర ఉంటుంది. బుడగ సగటు సైజు సుమారు 2.5 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు కాబట్టి ఎర్ర కణం వెళ్లే ప్రతి సందులోకీ ఈ బుడగ వెళ్లగలదు. కానీ నాళం గోడ దాటి బయటికి కారేంత చిన్నది కాదు. ఇక్కడే సీటీకి ఇచ్చే అయోడిన్ డైకీ, దీనికీ అసలు తేడా ఉంది. ఆ డై నాళాల్లోంచి కణజాలంలోకి ఇంకుతుంది. ఈ బుడగ చివరి దాకా రక్తంలోనే ఉంటుంది. తెర మీద ఒకచోట మెరుపు కనిపించిందంటే అక్కడికి రక్తం చేరిందనే అర్థం.

"నరంలోకి గాలి ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు కదా" అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. లెక్క చూద్దాం. కలిపిన మందు 1 మిల్లీలీటరులో బుడగల్లో ఉండే వాయువు మొత్తం 8 మైక్రోలీటర్లు. పైపై గడ్డలకు ఎక్కువగా ఇచ్చే మోతాదు 4.8 మిల్లీలీటర్లు. అంటే 8 × 4.8, సుమారు 38 మైక్రోలీటర్లు. మామూలు నీటి చుక్క ఒకటి దాదాపు 50 మైక్రోలీటర్లుంటుంది. ఒక్క చుక్కంత కూడా లేని ఆ వాయువు కోట్లాది బుడగలుగా విడిపోయి రక్తమంతా పరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో ఊపిరితిత్తుల గుండా, మనం వదిలే గాలిలో బయటికి పోతుంది. కిడ్నీలకు ఇందులో పనిలేదు. అందుకే ఈ పరీక్షకు ముందు క్రియాటినిన్ చూపించమని సాధారణంగా అడగరు.

## కణజాలాన్ని చెరిపేసి బుడగనే చూపించే కిటుకు

బుడగలు మెరుస్తాయి సరే, మరి చుట్టూ ఉన్న కండ, కొవ్వు కూడా మెరుస్తాయి కదా? వాటిని తెర మీంచి తీసేయడం ఎలా?

యంత్రం ఒక శబ్దపు అల పంపి, వెంటనే దానికి సరిగ్గా తలకిందులైన ఇంకో అలను పంపుతుంది. కణజాలం నుంచి మొదటిసారి +1 వచ్చిందనుకుంటే రెండోసారి −1 వస్తుంది. రెంటినీ కూడితే సున్నా, అంటే కణజాలం నల్లగా మాయమవుతుంది. బుడగ తీరు వేరు. వాయువు కాబట్టి ఒత్తిడి తగ్గినప్పుడు ఉబ్బినంతగా, ఒత్తిడి పెరిగినప్పుడు కుంచించుకోదు. దాని జవాబు మొదటిసారి +1.3, రెండోసారి −0.8 అనుకుందాం. కూడితే 0.5 మిగులుతుంది. ఆ మిగులే తెర మీద తెల్లటి చుక్క. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే గానీ, లోపల జరిగేది ఇదే.

శబ్దం బలం ఎక్కువైతే బుడగలు పగిలిపోతాయి. అందుకే చాలా తక్కువ బలంతో చూస్తారు. కావాలనుకున్నప్పుడు ఒక్క క్షణం బలం పెంచి, ఆ చోట బుడగలన్నిటినీ పగలగొట్టి, కొత్త రక్తంతో పాటు అవి మళ్లీ ఎంత వేగంగా నిండుతున్నాయో కూడా చూడొచ్చు.

## లోతు తక్కువైతే పరీక్ష సులువని కాదు

గడ్డ చర్మం కిందే ఉంది కాబట్టి చూడడం తేలిక అనుకుంటాం. బుడగల విషయంలో అది తిరగబడుతుంది.

ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తేనే పైకి లేస్తుంది. బుడగకూ ఒక సహజమైన ఊపు ఉంది. ఈ సైజు బుడగలు 3 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా స్పందిస్తాయి. కాలేయాన్ని చూసే ప్రోబ్ సరిగ్గా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది. ఈ పరీక్ష కాలేయంలో అంత బాగా స్థిరపడడానికి అదొక కారణం. థైరాయిడ్‌ను చూసే ప్రోబ్ అంతకు రెండు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. బుడగలు మందకొడిగా స్పందిస్తాయి, తెల్లదనం తగ్గుతుంది. దాన్ని పూడ్చుకోవడానికే కాలేయానికి ఇచ్చే 2.4 బదులు 4.8 మిల్లీలీటర్ల మందు ఇస్తారు. అన్ని యంత్రాల్లోనూ ఈ చిన్న ప్రోబ్‌కు కాంట్రాస్ట్ మోడ్ ఉండదు కూడా.

రెండో చిక్కు చేతిది. నా దృష్టిలో ఈ పరీక్షలో అన్నిటికంటే తేలిగ్గా జరిగే పొరపాటు ఇదే. గడ్డ పైపైనే ఉంటుంది కాబట్టి ప్రోబ్‌ను కాస్త గట్టిగా ఆనించినా చాలు, కేశనాళికలు నొక్కుకుపోతాయి. రక్తం ఆగుతుంది, గడ్డ నల్లగా కనిపిస్తుంది. అంటే "నాన్ ఎన్‌హాన్సింగ్" అన్నమాట గడ్డ వల్ల రావచ్చు, పరీక్ష చేసినవాళ్ల చెయ్యి వల్ల కూడా రావచ్చు. చేయి తిరిగినవాళ్లు గడ్డ మీద జెల్ దండిగా పోసి, ప్రోబ్‌ను చర్మానికి తాకీ తాకనట్టు పట్టుకుంటారు.

పరీక్ష జరిగే తీరు చెప్పుకుంటే పెద్ద తంతు కాదు. మోచేతి దగ్గర కాన్యులా పెడతారు. మరీ సన్నని సూదైతే బుడగలు నలిగిపోతాయని కాస్త లావుదే వాడతారు. పొడి మందు సీసాలో 5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి ఆడిస్తే పాలలా తెల్లగా అవుతుంది. అది ఎక్కించి, వెనకే ఇంకొంచెం సెలైన్ తోసి, గడియారం మొదలుపెడతారు. తెర రెండుగా చీలి ఉంటుంది. ఒకవైపు మామూలు బొమ్మ, ఇంకోవైపు చీకటి. పది, ఇరవై సెకన్లలో ఆ చీకట్లో మొదటి చుక్క వెలుగుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాల పాటు కదలకుండా వీడియో తీస్తారు. ఎప్పుడు మొదలైంది, ఎటు నుంచి నిండింది, ఎప్పుడు బాగా తెల్లబడింది, ఎప్పుడు కరిగిపోయింది అన్నవన్నీ అందులోంచే చదువుతారు.

చుట్టూ ఉన్న మంచి కణజాలం కంటే గడ్డ ఎక్కువ తెల్లబడితే హైపర్ ఎన్‌హాన్స్‌మెంట్, తక్కువైతే హైపో, సమానంగా ఉంటే ఐసో, అసలేమీ రాకపోతే నాన్ ఎన్‌హాన్స్‌మెంట్. ఇవి పక్కదానితో పోల్చి చెప్పే మాటలు. జబ్బు పేర్లు కావు.

## మెడ బిళ్లల్లో రక్తం దారి

లింఫ్ గ్రంథి చిక్కుడు గింజలా ఉంటుంది. మొలక వచ్చే చోట లాంటి నొక్కు ఒకటి ఉంటుంది, దాన్ని హైలం అంటారు. రక్తనాళం అక్కడ లోపలికి దూరి, చెట్టు మొదలు నుంచి కొమ్మలు చీలినట్టు అంచుల దాకా పరుచుకుంటుంది. కాబట్టి మామూలు గ్రంథిలో, జలుబుకో పంటి నొప్పికో వాచిన గ్రంథిలో తెల్లదనం మధ్య నుంచి బయటికి ఒకే తీరుగా నిండుతుంది.

క్యాన్సర్ కణాలు గ్రంథిలోకి వచ్చే దారి వేరు. అవి లింఫ్ నాళాల వెంట వచ్చి ముందుగా అంచున, పైపొర కింద దిగుతాయి. అక్కడే పెరుగుతూ కొత్త నాళాలను లాక్కుంటాయి. దాంతో తెల్లదనం బయటి నుంచి లోపలికి, మచ్చలు మచ్చలుగా రావచ్చు. పెరుగుదలకు రక్తం చాలక కొన్ని చోట్ల కణజాలం చచ్చిపోతే అక్కడ నల్లటి ఖాళీలు మిగులుతాయి.

ఇంతవరకు చక్కగానే ఉంది. మన దగ్గర టీబీ ఉంది, అక్కడే లెక్క మారుతుంది. పాతకాలంలో గండమాల అన్నది చాలావరకు ఈ లింఫ్ గ్రంథుల టీబీనే. టీబీలో గ్రంథి మధ్య భాగం జున్నులా మారి చచ్చిపోతుంది. స్కాన్‌లో మధ్య నలుపు, చుట్టూ తెల్లటి అంచు. గుట్కా, ఖైనీ వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మెడ గ్రంథికి పాకినప్పుడు కూడా చాలాసార్లు మధ్య భాగమే చచ్చిపోతుంది. మళ్లీ మధ్య నలుపు, చుట్టూ తెల్లటి అంచు! ఒకే బొమ్మ, రెండు జబ్బులు. ఒకదానికి ఆరు నెలలు లేదా ఇంకాస్త ఎక్కువ కాలం మాత్రలు, ఇంకోదానికి ఆపరేషన్, రేడియేషన్. రిపోర్టులోని ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇటా అటా అని తేల్చుకోకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అయితే అదే బొమ్మ సూది పరీక్షకు మాత్రం బాగా ఉపయోగపడుతుంది. క్యాన్సర్ అనుమానంతో సూది గుచ్చేటప్పుడు చచ్చిన మధ్య భాగంలోకి వెళ్తే ల్యాబ్‌కు చేరేది ఉత్త చెత్త. "నమూనా సరిపోలేదు" అని వస్తుంది, మళ్లీ గుచ్చాలి. తెల్లబడిన అంచు ఎక్కడుందో ముందే తెలిస్తే అక్కడే తీస్తారు. టీబీ అనుమానమైతే మధ్యలోని జున్నులాంటి పదార్థం టీబీ క్రిమి జన్యువును పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు పనికొస్తుంది, అంచు నుంచి తీసిన ముక్క సూక్ష్మదర్శినికి పనికొస్తుంది.

## థైరాయిడ్: 85 శాతం కచ్చితత్వం ఎందుకు చాలదు

థైరాయిడ్‌లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ పాపిల్లరీ రకం. ఇది చాలాసార్లు పక్క కణజాలం కంటే తక్కువగా తెల్లబడుతుంది. చుట్టూ ఉంగరంలా సమానంగా తెల్లబడితే హానిలేని గడ్డ కావడానికి అవకాశం ఎక్కువ. రొమ్ములో దీనికి తలకిందులు. చెడ్డ గడ్డలు ఎక్కువగా తెల్లబడతాయి, మామూలు స్కాన్‌లో కంటే పెద్దవిగా కనిపిస్తాయి. "హైపో అంటే చెడ్డది" అన్న సూత్రం ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి మోసుకెళ్లలేం.

ఇప్పుడు కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఈ పరీక్ష 100 క్యాన్సర్లలో 85ని పట్టుకుంటుందని, 100 మంచి గడ్డల్లో 85ని మంచివనే చెబుతుందని అనుకుందాం.

థైరాయిడ్ గడ్డలున్న 1000 మందిలో 100 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. పరీక్ష 85 మందిని పట్టుకుంటుంది, 15 మందిని వదిలేస్తుంది. మిగతా 900 మందిలో 135 మందికి లేని క్యాన్సర్‌ను అనుమానిస్తుంది. అంటే 220 మందిని భయపెడితే అందులో 85 మందికే నిజంగా జబ్బు. సగం కూడా కాదు.

ఇంకో 1000 మందిని తీసుకుందాం. మామూలు స్కాన్‌లోనే గడ్డ తీరు బాగా చెడ్డగా ఉండి, 500 మందికి క్యాన్సర్ ఉండొచ్చన్న గుంపు ఇది. పరీక్ష 425 మందిని పట్టుకుంటుంది, 75 మందిని వదిలేస్తుంది. "భయం లేదు" అని చెప్పిన మొత్తం 500 మందిలో 75 మందికి, అంటే 15 శాతానికి క్యాన్సర్ ఉంది. ఆ మాట నమ్మి సూది పరీక్ష మానుకోమని ఏ డాక్టరు చెప్పగలరు?

పరీక్ష అదే, కచ్చితత్వం అదే. ఎవరికి చేశాం అన్నదాన్ని బట్టి దాని మాటకు విలువ మారిపోయింది. థైరాయిడ్ గడ్డను స్కాన్‌లో ఎంత అనుమానించాలో మార్కులతో లెక్కగట్టడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ఇచ్చిన టైరాడ్స్ పద్ధతిని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అందులో గడ్డ లోపలి తీరు, నలుపుదనం, ఆకారం, అంచు, మెరిసే చుక్కలు అనే ఐదింటికే మార్కులు. రక్తప్రసారానికి అసలు మార్కులే లేవు.

## పరిశోధకులు విడిపోయిన చోటు

ఈ పరీక్షను గట్టిగా సమర్థించేవాళ్లున్నారు. థైరాయిడ్, రొమ్ము, లింఫ్ గ్రంథుల మీద, ముఖ్యంగా చైనా నుంచి, చాలా అధ్యయనాలు వచ్చాయి. మామూలు స్కాన్‌కు దీన్ని జతచేస్తే అనవసరమైన సూది పరీక్షలు తగ్గుతాయన్నది వాళ్ల వాదన. రేడియేషన్ లేదు, అయోడిన్ లేదు, మంచం దిగకుండానే జవాబు వస్తుంది. కాదనలేని మాటలే.

అవతలి పక్షం కూడా బలంగానే ఉంది. యూరప్ దేశాల అల్ట్రాసౌండ్ సంఘాల సమాఖ్య 2017లో సవరించిన మార్గదర్శకాల్లో, థైరాయిడ్, రొమ్ము గడ్డలు మంచివో చెడ్డవో తేల్చడానికి ఈ పరీక్షను రోజువారీ వైద్యంలో వాడమని సిఫారసు చేయలేదు. ఇంకా పరిశోధన దశలోనే ఉందంది. కారణాలు అర్థం చేసుకోదగినవే. చాలా అధ్యయనాలు ఒకే ఆసుపత్రిలో జరిగాయి. ఆపరేషన్ దాకా వెళ్లిన గడ్డలనే లెక్కలోకి తీసుకున్నవి ఉన్నాయి. మన లెక్కలో రెండో గుంపు లాంటివన్నమాట. "అసమానంగా తెల్లబడింది" అన్నదాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా నిర్వచించారు. అనుమతుల సంగతి కూడా ఉంది. సోనోవ్యూకు యూరప్‌లో కాలేయం, రొమ్ము గడ్డల రక్తనాళాలు చూడడానికి అనుమతి ఉంది గానీ థైరాయిడ్‌కు విడిగా లేదు. అమెరికాలో అదే మందు లుమాసన్ పేరుతో గుండెకు, కాలేయానికి, పిల్లల మూత్రనాళ పరీక్షకు ఉంది.

నేను ఈ జాగ్రత్త వైపే మొగ్గుతాను. సూది పరీక్ష చిన్నది, చవకైనది, నేరుగా కణాన్నే చూస్తుంది. దాన్ని తప్పించాలంటే చూపించాల్సిన రుజువు అంతకు తగ్గట్టు ఉండాలి.

## మందు వల్ల ఇబ్బందులు

తీవ్రమైన రియాక్షన్లు చాలా అరుదు. పది వేల మందిలో ఒకరికి వచ్చినా ఎక్కువే. కానీ వచ్చినప్పుడు నిమిషాల్లోనే వస్తాయి. అందుకే అడ్రినలిన్, ఆక్సిజన్ దగ్గర పెట్టుకుని, పరీక్ష తర్వాత కాసేపు కూర్చోబెట్టి పంపుతారు. గుండె పరీక్షల్లో ఈ రకం మందులు వాడాక కొన్ని మరణాలు నమోదవడంతో 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టి, మరుసటి ఏడు దాన్ని కొంత సడలించింది. మందులోని పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం పడనివాళ్లున్నారు. విరేచనాల మందుతోనో ఇంకేదైనా మందుతోనో దాని వల్ల ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నా అంతే.

## రక్తమే ప్రశ్న అయినప్పుడు

కొన్ని చోట్ల డాక్టరుకు కావలసింది సరిగ్గా ఈ పరీక్ష ఇచ్చే జవాబే. అక్కడ దీనికి సాటి వచ్చేవి తక్కువ, పై యూరప్ మార్గదర్శకాలూ దాన్ని ఒప్పుకున్నాయి.

ఆటలో దెబ్బ తగిలి వృషణం వాచిన కుర్రాణ్ని తీసుకోండి. లోపల ఎంత భాగం బతికి ఉందో తెలిస్తేనే ఎంత కాపాడవచ్చో తెలుస్తుంది. బతికిన భాగం తెల్లబడుతుంది, చచ్చిన భాగం నల్లగా మిగులుతుంది. అలాగే వృషణంలో ఒక మచ్చ కనిపించి, అందులోకి రక్తం ఏమాత్రం వెళ్లడం లేదని తేలితే అది కణితి కాకపోవచ్చన్న ధైర్యం పెరుగుతుంది, వృషణం తీసేయాల్సిన ఆపరేషన్ తప్పవచ్చు. ఇన్ఫెక్షన్‌తో వాచినప్పుడు లోపల చీము కట్టిందా లేదా అన్నదీ ఇలాగే తెలుస్తుంది.

థైరాయిడ్‌లోనూ ఇలాంటి సందర్భం ఒకటుంది. క్యాన్సర్ కాదని ముందే తేలిన పెద్ద గడ్డను కోత లేకుండా సూదితో వేడిచేసి చంపే చికిత్స ఇప్పుడు జరుగుతోంది, రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు. సూది కొన దగ్గర కణజాలం ఉడుకుతుంటే ఆవిరి బుడగలు పుట్టి మామూలు స్కాన్‌లో ఆ చోటంతా తెల్లటి పొగలా కమ్ముకుంటుంది. ఆ పొగ చూసి అంతా కాలిపోయిందనుకోవడం తేలిక. కొన్ని నిమిషాలు ఆగి, పొగ విడిచాక బుడగల మందు ఎక్కించి చూస్తారు. చచ్చిన భాగం బొగ్గులా నల్లగా ఉంటుంది. గడ్డ వెనక అంచున, గొంతు నరం వెళ్లే వైపు, నెలవంకంత తెల్లటి గీత మిగిలి కనిపించవచ్చు. నరానికి వేడి తగలకూడదని అక్కడ సూది తగ్గించి పెట్టడం వల్ల మిగిలిన బతికున్న గడ్డ అది. మనిషి ఇంకా బల్ల మీదే ఉంటాడు, మత్తు ఇంజెక్షన్ ప్రభావం ఇంకా ఉంటుంది. ఆ గీతను ఇప్పుడే కాల్చాలా, గొంతు పోయే ముప్పు వద్దని వదిలేసి కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాలా అన్నది డాక్టరు అప్పటికప్పుడు నిర్ణయించుకోవచ్చు.